తిన్నది ఒంటబట్టించిన శాస్త్రజ్ఞుడు: డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావుగారు

తినుట వేఱు, తిన్నది ఒంటబట్టుట వేఱు. కడుపునిండ భుజించుచునే దినదినము శుష్కించిపోవు రోగిని చూచి, తిన్నది ఒంటబట్టుట లేదని మన పెద్దలు చెప్పెడివారు. ఆయుర్వేద శాస్త్రము ఆహారమును పట్టి నిలిపి పక్వము చేయు అంగమునకు గ్రహణి యని పేరిడి, ఆ యంగము చెడినప్పుడు కలుగు వ్యాధికి సైతము అదే పేరు పెట్టినది. పాశ్చాత్య వైద్యులు ఉష్ణదేశములలో గుర్తించి స్ప్రూ అని పిలిచిన వ్యాధి దీనికి మిక్కిలి దగ్గఱది. భీమవరపు కుటుంబ మొకదానిలో ఈ వ్యాధి ఇద్దఱు సోదరులను కొద్ది దినముల వ్యవధిలో బలిగొన్నది. మఱియొక సోదరుని మృత్యుముఖమువఱకు కొనిపోయి విడిచినది. అట్లు విడువబడినవారే డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావుగారు. తరువాతి కాలమున ఆ వ్యాధికి మందు వెలువడినది వారి ప్రయోగశాలనుండియే.

గోదావరీ తీరవాసులమగు మనకు ఈ చరిత్ర పరాయిది కాదు. మన సామర్లకోట స్టేషనులో చీలిపోవు రైలుమార్గము చేరు కాకినాడ పట్టణమునందలి ధర్మనిధియే ఆయనను సముద్రము దాటించినది. ఒక ఊరి ధనము, ఒక ఊరి దుఃఖము, ఒక మనుష్యుని పట్టుదల కలసి ప్రపంచమునకు ఏమి చేయగలవో తెలుపు చరిత్రము గనుక, ఈ గ్రంథాలయ రజతోత్సవ సంచికయందు దానిని స్మరించుట ఉచితము.

సుబ్బారావుగారు 1895వ సంవత్సరము జనవరి 12వ తేదీన భీమవరమున జన్మించిరి. తండ్రి జగన్నాథముగారు, తల్లి వెంకమ్మగారు. ఏడుగురు సంతానములో ఆయన నాలుగవవారు. ఇంట కలిమి లేదు. బాలునికి చదువుపై మొదట లక్ష్యమును లేదు. పదుమూడవ యేట, కాశీలో యాత్రికులకు అరటిపండ్లు అమ్మి ధనవంతుడను కావలెనని తలచి, బంధువగు మఱియొక బాలునితో కూడి ఇల్లు విడిచెను. ఇంటివారు మరలించి తెచ్చిరి. రాజమహేంద్రవరమున చదువు సాగక, చెన్నపట్టణము చేరి హిందూ హైస్కూలునుండి మూడవ యత్నమున మెట్రిక్యులేషను పరీక్షయందు ఉత్తీర్ణుడయ్యెను. రెండుమార్లు తప్పిన విద్యార్థిని లోకము మందబుద్ధి యనును. ఆ లోకాభిప్రాయము ఎంత తొందరపాటుదో ఈయన జీవితమే తెలుపును.

ప్రెసిడెన్సీ కళాశాలలో చదువుచుండగా ఆయన మనస్సు రామకృష్ణ మఠమువైపు మరలినది. సన్న్యసింపవలెనని కోరిక పుట్టినది. తల్లి అనుమతి లేనిదే మఠమువారు అంగీకరింపలేదు, తల్లి అనుమతింపలేదు. వైద్యము నేర్చిన సేవ చేయుటకు అదియొక మార్గమగునని తోచి, 1915లో మదరాసు వైద్య కళాశాలలో చేరిరి. 1919లో శేషగిరిగారితో వివాహమయ్యెను. మామగారగు కస్తూరి సూర్యనారాయణమూర్తిగారు చదువునకు ధనసాహాయ్యము చేసిరి.

అవి గాంధీమహాత్ముని పిలుపు దేశమును కదల్చిన దినములు. సుబ్బారావుగారు శస్త్రచికిత్సాశాలలో ఖద్దరు అంగీ ధరించి నిలిచిరి. ఆంగ్లేయుడగు ఆచార్యునకు అది రుచింపలేదు. తక్కిన పరీక్షలలో చక్కగా నెగ్గినను, ఆయనకు ఎం.బి.బి.ఎస్. పట్టమునకు బదులు తక్కువ శ్రేణిదగు ఎల్.ఎం.ఎస్. యోగ్యతాపత్రమే లభించెను. ప్రభుత్వ వైద్యోద్యోగము దొరకలేదు. అప్పుడు ఆయనను చేరదీసినది డాక్టరు ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద కళాశాల. అచ్చట శరీరశాస్త్రము బోధించు ఉపన్యాసకుడుగా పనిచేసిరి.

సోదరులను హరించిన స్ప్రూ వ్యాధి సుబ్బారావుగారిని పట్టినప్పుడు, పాశ్చాత్య వైద్యమున దానికి నమ్మదగిన చికిత్స లేకుండెను. నాలుక పూయును; నోట అన్నము పెట్టుకొనుట దుర్భరమగును; మలము విస్తారముగా, క్రొవ్వుతో కూడి వెడలును; రక్తము పలుచనై, శరీరము ఎముకల గూడగును. రోగికి అన్నము పెట్టినకొలది అది ఒంట నిలువక జారిపోవును. ఆయనకు చికిత్స చేసి నిలిపినది లక్ష్మీపతిగారి ఆయుర్వేదౌషధము. ఇట్లు పాశ్చాత్య వైద్యము చదివిన యువకుడు దేశీయ వైద్యమువలన బ్రదికెను. ఆ మందు ఎందుచేత పనిచేసినదో, ఆ వ్యాధి ఎందుచేత వచ్చుచున్నదో తెలిసికొనవలెనను తపన ఆయనను స్వస్థలమున నిలువనీయలేదు.

అమెరికా పోవుటకు ధనము కావలెను. రంగూనులో వర్తకముచే ఆర్జించిన మల్లాడి సత్యలింగ నాయకరుగారు ధర్మకార్యములకై విడిచిన ఆస్తితో కాకినాడలో నడచుచుండిన ధర్మసంస్థ, మామగారు, కలసి సాహాయ్యము చేసిరి. భార్యను స్వదేశముననే విడిచి, 1922 అక్టోబరు 26వ తేదీన సుబ్బారావుగారు బోస్టను నగరమున దిగిరి. కొలది సంవత్సరములలో తిరిగి వత్తునని తలచి పోయినవారు మరల ఈ నేల త్రొక్కలేదు. శేషగిరిగారికి ఆ వియోగము ఆజన్మాంతమయ్యెను. ఆయన సాధించిన విజయముల మూల్యములో ఆమె చెల్లించిన భాగమును మఱచుట న్యాయము కాదు.

హార్వర్డు విశ్వవిద్యాలయమున ఉష్ణమండల వైద్యమును చదువుచు, జీవనమునకై ఒక ఆసుపత్రిలో రాత్రివేళ పరిచారకుని పని చేసిరి. పిమ్మట జీవరసాయన శాఖలో చేరి, సైరస్ ఫిస్కె అను ఆచార్యునితో పరిశోధన ప్రారంభించిరి. 1925లో ఈ యిరువురు రక్తమునందును కండరములందును ఉన్న భాస్వరమును కొలుచు పద్ధతిని ప్రకటించిరి. మాలిబ్డేటు అను లవణముతో భాస్వరమును కలిపి, నీలిరంగు తెప్పించి, ఆ రంగు గాఢతనుబట్టి భాస్వరము పరిమాణమును నిర్ణయించుట ఆ పద్ధతి. చూచుటకు చిన్న ఉపాయము. కాని ఫిస్కె–సుబ్బారావు పద్ధతి యను పేర అది లోకమందలి జీవరసాయన శాలలన్నిటను చిరకాలము నిలిచినది.

ఆ కొలమానముతోనే వారు కండరములోని శక్తిరహస్యమును చూచిరి. 1927లో ఫాస్ఫోక్రియాటిను అను పదార్థమును, 1929లో ఏ.టి.పి. అని నేడు పాఠశాల బాలురు సైతము ఎఱిగిన అడినోసిన్ ట్రైఫాస్ఫేటును కనుగొనిరి. జర్మనీలో లోమన్ అను శాస్త్రజ్ఞుడును అదే సంవత్సరమున వేఱుగా ఏ.టి.పి.ని కనుగొనెను. ప్రాణులు ఏ పని చేసినను, ఆ పనికి వెచ్చించు చిల్లరనాణెము ఈ పదార్థమే. 1930లో సుబ్బారావుగారికి డాక్టరేటు వచ్చెను. అయినను హార్వర్డులో శాశ్వతమగు ఆచార్యపదవి రాలేదు. ఆయన శ్రమలో కొంత ప్రకటనకు నోచుకొనలేదనియు, అందుచే కొన్ని పదార్థములను ఇతరులు మరల కనుగొనవలసి వచ్చెననియు, అదే ప్రయోగశాలలో పనిచేసి తరువాత నోబెలు బహుమానమందిన జార్జి హిచ్చింగ్సు అనంతరకాలమున వెల్లడించెను.

భాస్వరమునకును జీర్ణశక్తికిని సంబంధమేమని చదువరులు అడుగవచ్చును. 1930 దశకమున అట్టి సంబంధమే కలదని వాదించినవాడు బేసెలు నగరమునందలి వెర్జార్ అను ఆచార్యుడు. మూత్రపిండములపై టోపీలవలె అమరియున్న అడ్రినల్ గ్రంథులను తొలగించిన జంతువుల ప్రేవులు చక్కెరను, క్రొవ్వును సరిగా పీల్చుకొనకుండుటను అతడు చూచెను. ఆ గ్రంథుల స్రావము ప్రేవులలో ఆహారమును భాస్వరముతో జతపఱచుననియు, ఆ జత కూడనిదే ఆహారము లోనికి పోదనియు అతడు తలచెను. స్ప్రూ వ్యాధియు ఆ లోపమువంటిదే యని అతని ఊహ. అయితే గ్రంథులు తొలగించిన ఎలుకలకు ఉప్పునీరు ఇచ్చినచో చక్కెర మరల చక్కగా ఒంటబట్టుచున్నదని ఇతరులు చూపిరి. అనగా గ్రంథిస్రావము లేనందున శరీరము ఉప్పును కోల్పోయి కృశించుటయే ముఖ్యకారణము. అడ్రినల్ స్రావములు ప్రేవులలో ఉప్పును నీటిని నిలుపుట నిజమే. స్ప్రూకు మూలము మాత్రము వేఱొకచోట నున్నది.

ఆ మూలము కొఱకు వెదకుచున్నవారు అప్పటికే కొందఱు కలరు. 1926లో బోస్టను వైద్యులు మైనట్, మర్ఫీలు కాలేయము తినిపించి, మరణము తప్పదనుకొన్న రక్తహీనతను కుదిర్చిరి. 1929లో కాజిల్ అను వైద్యుడు జఠరమునుండి స్రవించు ఒక పదార్థము లేనిదే ఆహారములోని ఒక సారము శరీరమున చేరదని చూపెను. 1931లో లూసీ విల్స్ అను ఆంగ్ల వైద్యురాలు బొంబాయి మిల్లులలో పనిచేయు బీద గర్భిణుల రక్తహీనత ఈస్టు సారముతో కుదురుట కనుగొనెను. ఈస్టులో ఏదో కలదు. కాలేయములోను ఏదో కలదు. అవి రెండును ఒకటియా, వేఱువేఱా యనుట ఎవరికిని తెలియదు. 1941లో టెక్సాసు శాస్త్రజ్ఞులు పాలకూరనుండి ఒక పదార్థమును లేశమాత్రము వేఱుచేసి, ఆకునుండి వచ్చినది గనుక ఫోలిక్ ఆమ్లమని పేరిడిరి.

సుబ్బారావుగారు హార్వర్డులో నుండగనే కాలేయసారమును శోధించుచుండిరి. 1940లో న్యూయార్కు రాష్ట్రమునందలి పెరల్ రివర్ గ్రామమున నున్న లెడర్లే ప్రయోగశాలలలో చేరి, త్వరలోనే పరిశోధనాధిపతి యైరి. అచ్చట వారికి మనుష్యబలము, ధనబలము సమకూడెను. స్టాక్‌స్టాడ్, ఆంజియర్ మున్నగు శాస్త్రజ్ఞులు వారి దళములో పనిచేసిరి. టన్నులకొలది పదార్థమును వడగట్టి చిటికెడు సారము తీయుటతో లోకమందలి రోగులకు మందు చాలదు. కావున ఆ సారము నిర్మాణమును తెలిసికొని, రసాయనశాలలో దానిని కృత్రిమముగా తయారుచేయుట లక్ష్యముగా పెట్టుకొనిరి. 1945లో ఆ లక్ష్యము నెఱవేఱెను. ఆ విజయమును ప్రకటించిన వ్యాసమున సుబ్బారావుగారి పేరు పదిమందికి మించిన సహచరుల పేర్ల నడుమ ఒకటిగా మాత్రమే కానవచ్చును.

కృత్రిమ ఫోలిక్ ఆమ్లమును టామ్ స్పైస్ అను వైద్యుడు అమెరికా దక్షిణభాగమునను, పిమ్మట క్యూబా, ప్యూర్టోరికో దీవులలోను రక్తహీనులకు, స్ప్రూ రోగులకు ఇచ్చెను. కొలది దినములలోనే క్రొత్త రక్తకణములు పుట్టజొచ్చెను. పూసిన నాలుక మానెను. అన్నమును చూచి ముఖము త్రిప్పుకొన్నవారు అన్నము కోరిరి. భీమవరపు సోదరులకు అందని మందు ఇరువది సంవత్సరములకు పైబడి ఆలస్యముగా, వేయి యామడల ఆవల, ఎవరో పరదేశీయులకు అందెను. సుబ్బారావుగారు దానిని కన్నులార చూచిరి.

ఆ మందు పనిచేయు తీరును ఇచ్చట కొంచెము విప్పి చెప్పవలెను. చిన్నప్రేవు లోపలి గోడమీద మొక్కజొన్న పీచువలె లెక్కలేనన్ని సన్నని మొలకలు కలవు. ఆహారసారమును పీల్చుకొనునవి అవియే. ఆ మొలకల మొదళ్ళయందలి గుంటలలో క్రొత్త కణములు పుట్టి, పైకి ప్రాకి, మూడునుండి ఐదు దినములలో కొనకు చేరి రాలిపోవును. అనగా మన ప్రేవులు వారమునకొకసారి క్రొత్త తొడుగు తొడుగుకొనుచునే యుండును. ఇంత వేగముగా కణములు పుట్టవలెనన్నచో, కణబీజమునందలి వంశపదార్థము అంత వేగముగ తయారుకావలెను. దానికి ఫోలిక్ ఆమ్లము ఆవశ్యకము. అది లోపించినప్పుడు రక్తము పుట్టు మజ్జయు, ప్రేవుల పొరయు మొదట దెబ్బతినును. ప్రేవు చెడిన ఫోలిక్ ఆమ్లము ఒంటబట్టదు. అది ఒంటబట్టనిచో ప్రేవు మఱింత చెడును. ఈ విషవలయమునే ఆ చిన్న మాత్ర త్రెంచినది.

అదే జ్ఞానమును తలక్రిందు చేసినచో మఱియొక ఆయుధమగును. కణము వృద్ధిపొందుటకు ఫోలిక్ ఆమ్లము కావలెనన్నచో, దానిని అడ్డగించిన పదార్థము కణవృద్ధిని ఆపవలెను గదా. బోస్టను వైద్యుడగు సిడ్నీ ఫార్బర్ రక్తపు పుట్టకురుపుతో మరణించుచున్న పిల్లలకు మందు వెదకుచుండగా, సుబ్బారావుగారి దళము ఫోలిక్ ఆమ్లమును పోలి దానికి ప్రత్యర్థియగు అమినోప్టెరిన్‌ను తయారుచేసి ఇచ్చినది. 1948 జూనులో ఫార్బర్ ప్రకటించిన ఫలితముల ప్రకారము, మందు తీసికొన్న పదునాఱుగురు పిల్లలలో పదిమందికి వ్యాధి తాత్కాలికముగా ఉపశమించెను. రక్తపుట్టకురుపునకు అంతకుముందు మందన్నదే యెఱుగని లోకమునకు అది తొలి ఆశాకిరణము. దాని సోదర ఔషధమగు మెథోట్రెక్సేటు నేటికిని పుట్టకురుపులకు, కీళ్ళవాతమునకు వాడుకలో నున్నది.

కాని ఆ పిల్లల నోళ్ళు పూసెను. స్ప్రూ రోగి నాలుకమీద ఏ పుండ్లు కనబడునో, ఆ జాతి పుండ్లే మందువలన వీరికి కలిగెను. మందు చెడ్డకణమును మంచికణమును వేఱుపఱుపజాలదు. వేగముగా పెరుగు ప్రతి కణమును కొట్టును. రేడియము, ఎక్స్ కిరణములు చేయునదియు ఇదియే. ఉదరమునకు కిరణచికిత్స పొందు రోగి ప్రేవులలో మొలకల మొదళ్ళయందలి కణములు నశించును, పాతవి రాలిపోవును, క్రొత్తవి రావు, మొలకలు కుఱుచనగును. విరేచనములు పట్టును, క్రొవ్వు ఒంటబట్టదు, చిన్నప్రేవు కడపటి భాగము దెబ్బతిన్నచో బి12 విటమినును లోనికి పోదు. చికిత్స ముగిసిన తరువాత మిగిలిన మూలకణములు పొరను తిరిగి నిర్మించును. కిరణముల మోతాదు మితిమీఱినప్పుడు కొందఱికి ఆ లోపము చిరకాలము నిలుచును. కరవువలన, ఔషధమువలన, కిరణమువలన వచ్చు ఈ దెబ్బలు మూడును ప్రేవులలో ఒకే మర్మస్థానమున తగులును. ఆ మర్మమును తెలిసికొనుటలో సుబ్బారావుగారి కృషి ముఖ్యభాగము.

ఫోలిక్ ఆమ్లమే సర్వమని ఆయన జీవితచరిత్రము చెప్పదు. జఠరదోషమువలన వచ్చు ప్రాణాంతక రక్తహీనతలో అది రక్తమును కుదిర్చినను నరములను కాపాడజాలదు. ఆ రోగులకు వలసినది వేఱొకటి. ఆ కాలేయసారమగు బి12 విటమినును 1948లో అమెరికాయందును ఇంగ్లండునందును ఇతరులు వేఱుచేసిరి. అందుచే నేటికిని బి12 లోపమున్నవానికి ఫోలిక్ ఆమ్లము ఒక్కటే ఇచ్చుట ప్రమాదమని వైద్యులు హెచ్చరింతురు. స్ప్రూయందును క్రొవ్వు ఒంటబట్టకుండుట కొందఱిలో ఆ మాత్రతోనే తీఱలేదు. 1950 ప్రాంతమున వైద్యులు అడ్రినల్ గ్రంథికి చెందిన కార్టిజోనును సైతము స్ప్రూ రోగులకు ఇచ్చి చూచిరి. ఆకలి పుట్టి, ఆహారము కొంత ఒంటబట్టెను. కాని అది మూలమును తొలగించు చికిత్స కాలేదు. అంతేగాక, అట్టి మందులు చిరకాలము వాడినచో ప్రేవులు సున్నపుసారమును తక్కువగా గ్రహించి ఎముకలు బలహీనమగునని తరువాత తెలిసెను.

స్ప్రూ చిక్కుముడి విడిపోవుటకు వలసిన రెండవ దారము గూడ లెడర్లేలోనే దొరకినది. డెబ్బది యేండ్లు దాటిన వృక్షశాస్త్రజ్ఞుడు బెంజమిన్ డగ్గర్‌ను సుబ్బారావుగారు పనిలో నిలిపి, మట్టిలోని సూక్ష్మజీవులను పరీక్షింపజేసిరి. 1945లో అతడు బంగారువన్నె సూక్ష్మజీవి యొకదానినుండి ఆరియోమైసిను అను సూక్ష్మజీవనాశకమును కనుగొనెను. 1948 జూలైలో అది లోకమునకు ప్రకటితమయ్యెను. టెట్రాసైక్లిను కుటుంబమునకు అదియే జ్యేష్ఠము. ఉష్ణమండల స్ప్రూలో ప్రేవులయందు సూక్ష్మజీవులు మితిమీఱి పెరుగుటయు కలదని తెలిసినపిదప, ఫోలిక్ ఆమ్లమును టెట్రాసైక్లినును జంటగా కొన్ని మాసములు ఇచ్చు చికిత్స స్థిరపడినది. నేటి వైద్యులు స్ప్రూకు వాడునది ఈ జంటయే. సోదరులను చంపిన వ్యాధికి రెండు మందులు, రెండును ఒకే మనుష్యుని ఏలుబడిలో పుట్టినవి! రెండవది తన ఇంటి శత్రువునకే ఉపయోగించునని ఆయనకు తెలియకమునుపే ఆయన జీవితము ముగిసెను.

మన గోదావరి సీమకు ఆయన చేసిన ఉపకారము మఱియొకటి కలదు. ఈ తీరమున బోదకాలు ఎంతటి పీడయో చెప్పనక్కఱలేదు. దాని పురుగులను రక్తమునుండి తొలగించు హెట్రజాను ఔషధము 1947లో వెలువడినది ఆయన ప్రయోగశాలనుండియే. ఇటీవలి దశాబ్దములలో ఊరూర ఇంటింట పంచిన బోదకాలు నివారణ మాత్ర అదియే.

1948 ఆగస్టులో ఒకనాటి రాత్రి నిద్రయందే గుండె ఆగి సుబ్బారావుగారు పరమపదించిరి. వయస్సు యేబదిమూడు సంవత్సరములు. స్వతంత్ర భారతమునకు అప్పటికింకను ఏడాది నిండలేదు. ఆయనకు నోబెలు బహుమానము రాలేదు. స్వదేశమున కూడ చిరకాలము పేరు తెలిసినవారు తక్కువ. ఒక శిలీంధ్రమునకు ఆయన పేర సుబ్బరోమైసిస్ అని 1953లో నామకరణము చేసిరి. శతజయంతి సందర్భమున 1995లో భారత ప్రభుత్వము తపాలాబిళ్ళను వెలువరించెను.

కాని ఆయన స్మారకచిహ్నము మన ఊరిలోనే, ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునందును కలదు. గర్భిణులకు ప్రతిదినము ఇచ్చు ఇనుపమాత్రయందు 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లము కలదు. గర్భము ధరించుటకు ముందునుండియే ఫోలిక్ ఆమ్లము తీసికొన్నచో శిశువునకు వెన్నుపాము లోపములు పెక్కు నివారింపబడునని 1991లో ఇంగ్లండునుండి వెలువడిన పరిశోధన స్థిరపఱచినది. ఆ మాత్ర మ్రింగు తల్లికి భీమవరపు వెంకమ్మగారి పేరు తెలియకపోవచ్చును. బిడ్డలను పోగొట్టుకొన్న ఆ తల్లి దుఃఖమునుండి తన బిడ్డకు రక్ష లభించినదని తెలియకపోవచ్చును. తెలుపుట మన పని.

మూడవమారు గాని పరీక్ష నెగ్గని బాలుడు ఇంతవాడయ్యెనన్నచో, కారణము కాకినాడ ధర్మనిధి ఒకటి, మామగారి ఔదార్యమొకటి, ఆశ్రయమిచ్చిన ఆయుర్వేద వైద్యుని సౌజన్యమొకటి, అన్నిటికి మించి, తెలియని విషయమును తెలియనిదని ఒప్పుకొని వెదకు బుద్ధి యొకటి. అన్నము కడుపులో పడినంతమాత్రమున బలము రానట్లే, పుస్తకములు బీరువాలలో నున్నంతమాత్రమున విద్య రాదు. చదివినది ఒంటబట్టవలెను. ఇరువదియైదేండ్లు నిండిన మన గ్రంథాలయమునందు ఆ గ్రహణశక్తి పాఠకులకు వృద్ధియగుగాక! ఈ బల్లల యెదుట కూర్చుండు బాలబాలికలలో మఱియొక సుబ్బారావు వెలయుగాక!